కప్లర్ మెడ దగ్గర తెగిన వైరు

మే నెల. మధ్యాహ్నం రెండు దాటింది. హైదరాబాదు నుంచి విజయవాడకు కారులో వెళ్తున్నాం. నకిరేకల్ దాటేదాకా ఏ ఇబ్బందీ లేదు. కొర్లపహాడ్ టోల్ గేటు దగ్గర బండ్లు బారులు తీరి ఉన్నాయి. అక్కడ ఆగిన కాసేపటికే ఏసీ వేడిగాలి కొట్టడం మొదలుపెట్టింది. ఇంజన్ వేడిని చూపించే ముల్లు రోజూ ఉండే చోటు వదిలి పైకి పాకింది. గేటు దాటి వేగం అందుకోగానే ముల్లు బుద్ధిగా కిందికి దిగింది. ఏసీ కూడా చల్లబడింది.

కారు పరుగెత్తేటప్పుడు ఎదురుగాలే రేడియేటరును చల్లబరుస్తుంది. నిలబడితే ఆ పని కరెంటు ఫ్యాను చేయాలి. నిలబడ్డప్పుడే వేడెక్కుతోందంటే ఫ్యాను తిరగడం లేదన్నమాట. ఏసీ ఆపేసి, అంత ఎండలోనూ హీటరును పూర్తిగా తిప్పి పెట్టాను. ఇంజన్ వేడిలో కొంత మా మీదికి వస్తుంది, ఇంజనుకు ఆ మేరకు బరువు తగ్గుతుంది. అలా చెమటలు కక్కుకుంటూ సూర్యాపేట చేరాం.

రోడ్డు పక్క షాపులో కుర్రవాడు చురుకైనవాడే. ఫ్యూజు చూశాడు, బాగానే ఉంది. ఫ్యానుకు కరెంటు కలిపే రిలే టిక్కుమంది, అదీ బాగానే ఉంది. ఫ్యాను దగ్గర కప్లర్ ఊడదీసి మీటరు పెట్టాడు. 12 వోల్టుల పైచిలుకు చూపించింది. "కరెంటు ఇక్కడిదాంక వస్తుంది సార్. ఫ్యానే తిరుగుతలేదు. మోటరు కాలిపోయింది, మార్చాలె" అన్నాడు. ఆ లెక్కలో తప్పు పట్టడానికి నాకేమీ కనపడలేదు. కానీ ఆ మోటారు ఊళ్లో దొరకదు. మర్నాడు హైదరాబాదు నుంచి రావాలి.

ఎదురుగా టీ కొట్టాయన, వెనక సందులో పాత ఎలక్ట్రీషియన్ ఒకాయన ఉన్నాడని చెప్పాడు. వెళ్లాం. అరవై దాటిన మనిషి. ఆయన మీటరు బయటికి తీయనే లేదు. ఇండికేటర్ బల్బు ఒకదానికి రెండు వైర్లు అతికించి పెట్టుకున్నాడు. ఇంజన్ స్టార్ట్ చేయించి, ఏసీ వేయమని, ఆ బల్బు వైర్లను కప్లర్‌లోని రెండు పిన్నులకూ తాకించాడు. బల్బు వెలగలేదు.

"మోటరు మంచిగనే ఉన్నది సారూ. వైరు తెగింది."

"మీటరు 12 వోల్టులు చూపించింది కదా మేస్త్రీ?"

"ఖాళీ బొక్కెనను ఎంత పాత తాడైనా మోస్తది. నీళ్లు నింపి తోడితే గదా, తాడు సంగతి తెలిసేది!"

ఇంజన్ ఆపించి, కప్లర్ వెనకున్న వైర్లను ఒక్కొక్కటిగా రెండు వేళ్లతో మెల్లగా లాగాడు. ఒకటి గట్టిగా నిలబడింది. రెండోది రబ్బరులా సాగింది. పై తొడుగు ఎక్కడా చెక్కు చెదరలేదు. లోపల రాగి తెగిపోయింది కనుక తొడుగొక్కటే సాగిందన్నమాట. బ్లేడుతో చీల్చి చూపించాడు. వైరు కప్లర్‌లోకి దిగే చోటికి 3 మిల్లీమీటర్ల దూరంలో రాగి పోగులన్నీ తెగి ఉన్నాయి. కొసలు చిలుము పట్టి పచ్చబడ్డాయి.

ఈ పూట నేను మాట్లాడబోయేది ఆ 3 మిల్లీమీటర్ల గురించే. అక్కడే ఎందుకు తెగుతుంది, తెగిందని ఎలా పట్టుకోవాలి, మళ్లీ తెగకుండా ఎలా బాగుచేయాలి.

ముందు పేర్లు చెప్పుకుందాం. కారులో వైర్లన్నీ కలిపి చుట్టిన కట్టను మన మెకానిక్కులు వైరింగ్ కిట్ అంటారు. ఆ కట్ట ఒక బల్బుతోనో మోటారుతోనో సెన్సారుతోనో కలిసే ప్లాస్టిక్ జతే కప్లర్. కనెక్టర్ అన్నా అదే. ప్లాస్టిక్ డబ్బీ వట్టి ఇల్లు మాత్రమే. లోపల ఒక్కో గదిలో ఒక్కో లోహపు పిన్ను కాపురం ఉంటుంది, దాన్ని టెర్మినల్ అంటారు. టెర్మినల్ వెనకవైపు రెండు జతల రేకు రెక్కలుంటాయి. ముందు జత రాగిని బిగించి పట్టుకుంటుంది. వెనక జత వైరు పై తొడుగును పట్టుకుంటుంది. ఈ వెనక జతను గుర్తుంచుకోండి, దాని దగ్గరికి మళ్లీ వద్దాం.

పాత అంబాసిడర్‌లోనో పద్మినిలోనో ఇలాంటి కప్లర్లు కొన్నే. దీపాలు, హారను, స్పార్కు, వైపరు అంతటితో కరెంటు పని దాదాపు అయిపోయేది. ఇంజనుకు పెట్రోలు పంచేది కార్బ్యురేటర్, దానికి వైరుతో పని లేదు. ఇప్పుడు అలా కాదు. 2020 ఏప్రిల్ 1 నుంచి దేశమంతటా వాహనాల పొగకు హద్దు పెట్టే బీఎస్-6 నిబంధన వచ్చింది. ఆ హద్దు దాటకుండా ఇంజన్ లోపలికి వెళ్లే గాలి ఎంత, బయటికి వచ్చే పొగలో ఆక్సిజన్ ఎంత, నీళ్ల వేడి ఎంత అని ప్రతిదీ కొలిచే సెన్సార్లున్నాయి. ఒక్కో సెన్సారుకు ఒక కప్లర్. ప్రతి కప్లర్‌కూ వెనక ఒక మెడ. తెగడానికి అన్ని చోట్లు ఉన్నాయన్నమాట.

మెడ దగ్గరే ఎందుకు? చెప్పు ఎక్కడ తెగుతుందో గుర్తు తెచ్చుకోండి. ఉంగటం అట్టలోకి దిగే చోట. ఫోను చార్జర్ వైరు ఎక్కడ తెగుతుంది? పిన్ను మొదట్లో. చేదతాడు ఎక్కడ పిగులుతుంది? బొక్కెనకు ముడి వేసిన చోట. మెత్తనిది గట్టిదానిలోకి దిగే అంచు ఎక్కడుంటే అక్కడే తెగుతుంది. వైరు మధ్యలో వంపు వస్తే అది జానెడు పొడవునా పంచుకుపోతుంది. అంచు దగ్గర వంపంతా ఒక్క చుక్క మీద పడుతుంది. ఖాళీగా తిరుగుతున్న ఇంజన్ కూడా నిమిషానికి దాదాపు 800 చుట్లు తిరుగుతుంది. దానితోపాటు వైరు వణుకుతూనే ఉంటుంది.

రాగి స్వభావం కూడా ఇక్కడ పనిచేస్తుంది. జనగామ దగ్గర పెంబర్తిలో ఇత్తడి రేకు మీద బొమ్మలు దిద్దేవారిని అడగండి. రేకును సుత్తితో కొట్టేకొద్దీ బిరుసెక్కుతుంది. మధ్యమధ్య కాచి మెత్తబరచకపోతే పగుళ్లిస్తుంది. రాగి పోగుదీ అదే తంతు. వంగి లేచిన ప్రతిసారీ కాస్త బిరుసెక్కుతుంది. కారులో దాన్ని కాచి మెత్తబరిచే వారెవరూ లేరు. 2 చదరపు మిల్లీమీటర్ల జపాను రకం వైరులో 0.32 మిల్లీమీటర్ల పోగులు 26 ఉంటాయి. అన్నీ ఒకేసారి తెగవు. మొదటి పోగు తెగిన రోజు మనకు ఏమీ తెలియదు, మిగతా 25 దాని వంతు మోస్తాయి. ఇరవై తెగినా బండి నడుస్తుంది. చివరిది తెగాక కూడా తొడుగు లోపల కొసలు ఒకదాన్నొకటి ఆనుకుని ఉంటాయి కనుక కొన్నాళ్లు పనిచేస్తూ, గుంతలో పడ్డప్పుడు ఆగుతూ, మళ్లీ పనిచేస్తూ ఉంటుంది. లూజ్ కాంటాక్ట్ అని మనం కొట్టిపారేసేది చాలాసార్లు ఇదే.

వాన నీరు దిగి చిలుము పట్టడం మరో కారణం. సముద్రం ఒడ్డున ఉన్న ఊళ్లలో ఉప్పుగాలికి ఇది ఇంకా త్వరగా జరుగుతుంది. ఎలుకలు కొరికినవి వేరే లెక్క. అవి మెడ, మధ్య అని చూసుకోవు.

ఇప్పుడు బొక్కెన సంగతికి వద్దాం. ఇప్పుడు వాడే డిజిటల్ మీటర్ల లోపల చాలావాటిలో సుమారు కోటి ఓముల అడ్డు ఉంటుంది. అంటే అది వైరు నుంచి తీసుకునే కరెంటు ఆంపియరులో పది లక్షలవ వంతు. అంత సన్నని ధారకు చిలుము పట్టిన కొసలు తాకుతున్నా చాలు. అందుకే 12 వోల్టులూ చూపిస్తుంది. కానీ రేడియేటర్ ఫ్యాను తిరగాలంటే ఎనిమిదో పదో ఆంపియర్లు కావాలి. మీటరు ఖాళీ బొక్కెన, ఫ్యాను నిండు బొక్కెన. ఆ పెద్దాయన బల్బు 21 వాట్లది, దాదాపు 1.75 ఆంపియర్లు లాగుతుంది. అది కొద్దిగా నీళ్లున్న బొక్కెన. దాన్నే మోయలేని తాడు ఫ్యానును ఎక్కడ మోస్తుంది?

మీటరుతోనూ ఈ పని చేయవచ్చు, కాకపోతే బరువు ఎత్తించి చూడాలి. కప్లర్ తగిలించి, ఫ్యానుకు స్విచ్ వేసి ఉంచి, మీటరు ఎర్ర తీగ బ్యాటరీ ప్లస్ మీద, నల్ల తీగ కప్లర్ వెనకనుంచి ఫ్యానుకు కరెంటు తెచ్చే పిన్నుకు తాకించండి. ఆ దారిలో ఎన్ని వోల్టులు మధ్యలో పోతున్నాయో మీటరు చూపిస్తుంది. అర వోల్టు దాటితే అనుమానించాల్సిందే. ఇదే పరీక్ష ఎర్త్ వైపు కూడా చేయాలి. మోటారు ఎర్త్ వైరుకూ బ్యాటరీ మైనస్‌కూ మధ్య పెట్టి చూడాలి. మనవాళ్లు ప్లస్ వైరును పది సార్లు చూస్తారు, ఎర్త్ వైరును మరిచిపోతారు. ఒక్క మాట, సూదితో తొడుగు గుచ్చి చూసే అలవాటు మంచిది కాదు. ఆ చిల్లులోంచి నీరు దిగుతుంది. రెండు వానలు పడేసరికి అక్కడే చిలుము మొదలవుతుంది.

ఈ పోయే వోల్టులు ఎక్కడికి పోతాయి? వేడిగా మారతాయి. హెడ్‌లైటు వైరులో 4 ఆంపియర్లు పారుతున్నాయనుకోండి. కప్లర్ దగ్గర అర ఓము అడ్డు తగిలితే 2 వోల్టులు అక్కడే పోతాయి. లైటు మందగిస్తుంది. అంతకంటే చెడ్డది, శనగగింజంత చోట 8 వాట్ల వేడి పుడుతుంది. తెల్ల కప్లర్ గోధుమరంగుకు తిరగడం, ప్లాస్టిక్ కరిగి వాసన రావడం అందువల్లే. అలా కాలిన కప్లర్‌లో పిన్నులు బిగువు కోల్పోయి ఉంటాయి. మగ పక్క, ఆడ పక్క రెండూ మార్చాలి. ఒక్క పక్క మార్చితే కొత్తదాన్ని పాతది త్వరలోనే కాలుస్తుంది.

ఇక రిపేరు. పనికి చేయి పెట్టేముందు ఇంజన్ చల్లారనివ్వండి. తర్వాత బ్యాటరీ మైనస్ తీగ విప్పండి. ముందు మైనస్ ఎందుకు? కారు బాడీ అంతా మైనస్‌కే కలిపి ఉంటుంది. మైనస్ విప్పేటప్పుడు స్పానరు బాడీకి తగిలినా ఏమీ కాదు. ప్లస్ ముందు విప్పుతూ స్పానరు బాడీకి తగిలితే నిప్పురవ్వలు, ఒక్కోసారి కాలిన చేయి. తిరిగి బిగించేటప్పుడు ప్లస్ ముందు, మైనస్ ఆఖరున. రేడియేటర్ ఫ్యాను దగ్గర ఈ జాగ్రత్త మరీ ముఖ్యం. కొన్ని కార్లలో తాళం తీసేశాక కూడా ఇంజన్ వేడిగా ఉంటే ఫ్యాను దానంతటదే తిరగడం మొదలుపెడుతుంది. వేళ్లు రెక్కల్లో ఉంటే అంతే సంగతులు.

కప్లర్ ఊడదీసేటప్పుడు వైర్లు పట్టుకుని లాగకండి. ప్లాస్టిక్ నాలుక నొక్కి, డబ్బీని పట్టుకుని లాగండి. ఏళ్ల తరబడి ఇంజన్ వేడి తిన్న ప్లాస్టిక్ అప్పడంలా ఉంటుంది, తొందరపడితే నాలుక విరుగుతుంది. విప్పకముందే ఫోనులో ఒక ఫోటో తీసుకోండి. ఏ గదిలో ఏ రంగు వైరు ఉందో తర్వాత గుర్తుండదు. నలుపు మీద పసుపు గీతకూ పసుపు మీద నలుపు గీతకూ చాలా తేడా ఉంది. మొదటి రంగు వైరుది, రెండోది దాని మీది గీతది.

బాగుచేయడానికి రెండు దారులున్నాయి. మొదటిదే మేలైనది. డబ్బీ బాగుంటే పాత టెర్మినల్ తీసి, వైరుకు కొత్త టెర్మినల్ వేయడం. చాలా కప్లర్లలో పిన్నులు బయటికి రాకుండా రెండు తాళాలుంటాయి. ఒకటి వేరే రంగులో కనిపించే చిన్న ప్లాస్టిక్ పట్టీ, ముందు దాన్ని పైకి లేపాలి. రెండోది గది లోపల దాగిన సన్నని నాలుక. ముందువైపు నుంచి గడియారాల స్క్రూడ్రైవరు లాంటిది దూర్చి ఆ నాలుకను కాస్త ఎత్తితే టెర్మినల్ వెనక్కి జారి వస్తుంది. బలం పెట్టకండి. రావడం లేదంటే నాలుక ఇంకా పట్టుకునే ఉందన్నమాట.

కొత్త టెర్మినల్ అదే రకం, అదే కొలత అయి ఉండాలి. పాతది జేబులో వేసుకుని షాపుకు వెళ్లండి. విజయవాడ ఆటోనగర్‌లాంటి చోట పాత ముక్క చూపిస్తే చాలు, ఏ కప్లర్‌దో చెప్పేవారుంటారు. వైరును చిలుము లేని చోటిదాకా వెనక్కి కత్తిరించండి. లోపలి రాగి ఎర్రగా మెరవాలి. నల్లబడ్డ రాగిని ఎంత బిగించినా పట్టు కుదరదు. తొడుగు ఒలిచేటప్పుడు బ్లేడుకు ఒక్క పోగు కూడా చిక్కకూడదు. గాటు పడ్డ పోగు అక్కడే విరుగుతుంది. ముందు రెక్కల పొడవు ఎంతో అంతే ఒలవండి, నాలుగైదు మిల్లీమీటర్లు. నీళ్లు దిగకుండా రబ్బరు సీలు ఉన్న కప్లర్ అయితే ఆ సీలును ముందే వైరుకు ఎక్కించండి. టెర్మినల్ బిగించాక గుర్తొస్తే లాభం లేదు.

బిగించడాన్ని క్రింపింగ్ అంటారు. మామూలు కటింగ్ ప్లయరుతో రెక్కల్ని నలగ్గొడితే అది పట్టు కాదు, అణిచివేత. క్రింపింగ్ ప్లయరుతో నొక్కితే రెండు రెక్కలూ చివర్లు లోపలికి తిప్పుకుని పోగుల మధ్యలోకి దిగుతాయి. రాగి, రేకు సందు లేకుండా ఒత్తుకుపోయి గాలి కూడా దూరదు. గాలి దూరని చోట చిలుము పట్టదు. ఇక వెనక జత రెక్కలు. గుర్తుంచుకోమన్నాను కదా, అవి రాగిని కాదు, తొడుగును కౌగిలించుకోవాలి. వాటి పని కరెంటు మోయడం కాదు. వైరు ఊగినప్పుడు ఆ ఊపు రాగిదాకా రాకుండా ఆపడం. తొందరలో ఆ రెక్కల్ని వదిలేస్తే ఊపంతా మళ్లీ అదే అంచు మీద పడుతుంది. బిగించాక వైరును ఒకసారి గట్టిగా లాగి చూడండి. ఊడితే ఇప్పుడే ఊడాలి, హైవే మీద కాదు. టెర్మినల్‌ను గదిలోకి తోస్తే 'టక్'మని చప్పుడొస్తుంది. రెండో తాళం మూయడం మరవకండి.

రెండో దారి, డబ్బీయే విరిగిపోయినప్పుడు. స్పేర్ పార్టుల షాపుల్లో చాలా రకాల కప్లర్లు జానెడు వైర్లతో సహా అమ్ముతారు. ఇక్కడ పాత వైరుకు కొత్త వైరు అతకాలి. కొత్త వైరు పాతదానికంటే సన్నంగా ఉండకూడదు. ఫ్యూజు ఉన్నది మోటారు కోసమనుకుంటాం, నిజానికి అది వైరును కాపాడటానికి. 20 ఆంపియర్ల పసుపు ఫ్యూజు వెనక సన్నని వైరు అతికితే, రేపు ఏదైనా తేడా వచ్చినప్పుడు ఫ్యూజుకంటే ముందు వైరు కాలుతుంది. పోయిన ఫ్యూజు స్థానంలో రాగితీగ చుట్టడమూ ఇలాంటిదే.

అతుకులన్నీ ఒకే చోట వేయకండి. ఒక వైరు అతుకుకూ పక్క వైరు అతుకుకూ మధ్య నాలుగు సెంటీమీటర్ల ఎడం ఉంటే కట్ట ఉబ్బదు, ఒకదాన్నొకటి తాకి షార్టు అయ్యే భయమూ ఉండదు. కప్లర్ మెడకు ఆనుకుని అసలు వేయకండి. అక్కడే కదా వంపు పడేది. తలుపు వైర్ల విషయంలోనూ ఇదే సూత్రం. తలుపుకూ స్తంభానికీ మధ్య రబ్బరు గొట్టంలో వెళ్లే వైర్లు తలుపు తీసి వేసిన ప్రతిసారీ వంగుతాయి. పవర్ విండో ఆగిపోవడానికి తరచు కారణం అదే. అక్కడ అతుకును వంగే భాగంలో పెడితే కొద్ది కాలానికే మళ్లీ విప్పాలి. వంపుకు అటో ఇటో కదలని చోట వేయాలి.

సీసం కరిగించి అతకాలా, క్రింప్ చేయాలా అని మెకానిక్కుల మధ్య తెగని వాదన ఒకటుంది. సీసం అతుకు కరెంటును బాగానే మోస్తుంది. చిక్కెక్కడంటే, కరిగిన సీసం వత్తిలోకి నూనె పాకినట్టు పోగుల మధ్యకు పాకుతుంది. చల్లారాక అంతమేరా వైరు పుల్లలా గట్టిపడుతుంది. అంటే మీరు ఒక కొత్త అంచు తయారు చేశారన్నమాట. ఇటు గట్టి, అటు మెత్తన. రేపు తెగేది అక్కడే. కాబట్టి ఇంజన్ మీద వణికే చోట క్రింపే మేలు. సీసమే పెట్టాల్సి వస్తే రోజిన్ కలిసిన సీసం వాడండి, ఆమ్లపు పేస్టు వద్దు. అతుకుకు అటూ ఇటూ వైరు ఊగకుండా కట్టండి. మెలిపెట్టి టేపు చుట్టడం ఇంటికి చేరడానికి మాత్రమే. మన ఎండలకు బానెట్ కింద టేపు జిగురు కరిగి జారుతుంది. వేసవి దాటేలోగా టేపు ఒకవైపు, వైరు ఒకవైపు.

అతుకు మీద హీట్ ష్రింక్ స్లీవ్ వేయండి. వేడి తగిలితే ముడుచుకుని పట్టేసే ప్లాస్టిక్ గొట్టం అది. హైదరాబాదు కోఠిలో గుజరాతీ గల్లీలో మీటర్ల లెక్కన దొరుకుతుంది. లోపల జిగురు పూసిన రకం అడగండి. వేడికి ఆ జిగురు కరిగి అంచుల్లోంచి కాస్త బయటికి వస్తుంది. అలా వచ్చిందంటే నీరు దిగదన్న గుర్తు. అగ్గిపుల్ల మంట ఒకేచోట ఉంచితే గొట్టం మాడుతుంది, కదుపుతూ ఉండాలి. అన్నిటికంటే ముందు ఆ గొట్టాన్ని వైరుకు ఎక్కించి పక్కకు జరిపి ఉంచండి. అతుకు అందంగా వేశాక, గొట్టం బల్ల మీదే ఉందని చూసి నాలుక కరుచుకోని ఎలక్ట్రీషియన్ లేడు. నేను రెండుసార్లు కరుచుకున్నాను.

మన చేయి పెట్టకూడని వైర్లు కొన్ని ఉన్నాయి. ఎయిర్‌బ్యాగు వైర్లు సాధారణంగా పసుపు కప్లర్లతో, పసుపు తొడుగుతో ఉంటాయి. మన దేశంలో 2019 జూలై నుంచి డ్రైవరు ఎయిర్‌బ్యాగు తప్పనిసరి అయింది. అంటే ఇప్పుడు చిన్న కారులోనూ ఇవి ఉన్నాయి. టెస్టర్ బల్బు పంపే కరెంటు చాలు, ఎయిర్‌బ్యాగు ముఖం మీద పేలడానికి. అక్కడ అతుకులు వద్దు, కంపెనీ వర్క్‌షాపుకు వెళ్లండి. బ్యాటరీ, హైబ్రిడ్ కార్లలో నారింజ రంగు లావు కేబుళ్లలో వందల వోల్టులుంటాయి, వాటిని తాకనే కూడదు. మూడో రకం, ఒకదానితో ఒకటి మెలివేసి ఉండే సన్నని జంట వైర్లు. కారులోని కంప్యూటర్లు మాట్లాడుకునేది వాటి మీదే. బాష్ కంపెనీ 1986లో ప్రకటించిన క్యాన్ పద్ధతి అది. పక్క వైర్ల గొడవ తమకు అంటకుండా అవి పురిపెట్టుకుని ఉంటాయి. అతకాల్సి వస్తే ఆ పురి వీలైనంత తక్కువ మేర విప్పి, మళ్లీ అలాగే మెలివేయాలి. వీటి మీదా టెస్టర్ బల్బు పెట్టకండి. బల్బు పరీక్ష ఫ్యాను, లైటు, హారను లాంటి బరువులకే. ఇక వారంటీలో ఉన్న కారయితే, ఏ వైరూ కత్తిరించకముందే కంపెనీ వారికి చూపించండి.

మళ్లీ సూర్యాపేట సందులోకి వెళ్దాం. పెద్దాయన తన రేకు డబ్బాలో వెతికి సరిపోయే టెర్మినల్ పట్టుకున్నాడు. నేను ఇంతసేపు చెప్పిందంతా ఆయన చేతుల్లో పావుగంట పని. కప్లర్ తగిలించి, మైనస్ బిగించి, ఇంజన్ స్టార్ట్ చేసి ఏసీ వేస్తే, ఫ్యాను బుస్సుమని తిరిగింది. నేను పర్సు తీశాను.

"ఆగుండ్రి సారూ, పని కాలేదింక."

ఆయన టార్చి వేసి ఫ్యాను చట్రం మీద ఏదో వెతుకుతున్నాడు. ఒక చిన్న చిల్లు చూపించాడు. "ఇక్కడ క్లిప్పు ఉండాలె. వైరు దానికి ఆనుకుని ఉంటే ఊగదు. అది లేక మొత్తం కట్ట బరువు మెడ మీద ఏలాడింది. గా క్లిప్పు ఏమైంది?"

క్లిప్పు ఏమైందో నాకు తెలుసు. రెండేళ్ల కిందట రేడియేటరు కడిగించినప్పుడు అది విరిగింది. కడిగిన కుర్రవాడు ముక్కలు అరచేతిలో పెట్టుకుని వచ్చి నాకు చూపించాడు కూడా. బజారులో కొద్ది రూపాయలకు దొరికే ప్లాస్టిక్ ముక్క. "ఏం కాదులే, వదిలెయ్" అన్నది నేనే.

పెద్దాయన ఆ చిల్లులోంచి ప్లాస్టిక్ పట్టీ ఒకటి దూర్చి, మెడ దగ్గర వైరుకు వేలెడు వదులు ఉంచి, కట్టను చట్రానికి బిగించాడు. వదులు సరిపోతుందా, లేదా అని ఇంజన్ నడిపించి ఒకసారి చూశాడు. అప్పుడు కటింగ్ ప్లయరు కింద పెట్టి, చేతులు తుడుచుకుని డబ్బులు తీసుకున్నాడు.